చిన్న పేగు గారికి, విస్తీర్ణం విషయమై

అయ్యా,

మాది గజాల్లో తప్ప ఆలోచించలేని జాతి. పెళ్లి సంబంధం మొదలుకొని చావు పలకరింపు దాకా మా మాటల్లో ఎక్కడో ఒకచోట ఓ ప్లాటు తగలాల్సిందే. గుండెకూ కళ్లకూ రాసినన్ని కవితలు మీకు రాయలేదు గానీ, మీ విస్తీర్ణం సంగతి మాత్రం చిన్నప్పటి నుంచి శ్రద్ధగా వింటున్నాం. "చిన్న పేగును విప్పి పరిస్తే టెన్నిస్ కోర్టంత" అని సైన్సు మాస్టారు చెబితే క్లాసంతా నోరు తెరిచింది. టెన్నిస్ కోర్టంటే 300 గజాల పైమాటే. ఎంత పేదవాడికైనా కడుపులో ఒక కార్నర్ ప్లాటు!

తీరా 2014లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ పరిశోధకులు హెలాండర్, ఫాండ్రిక్స్ మిమ్మల్ని మైక్రోస్కోపుతో రీసర్వే చేశారు. తేలింది సుమారు 30 చదరపు మీటర్లు. అంటే 36 గజాలు. మా ఊళ్లో ఇంత తేడా వస్తే మూడో తరం కూడా వాయిదాలకు తిరుగుతుండేది. మీరేమో ఒక్క అభ్యంతరం దాఖలు చేయలేదు. జనం నోట మాత్రం ఇప్పటికీ టెన్నిస్ కోర్టే నడుస్తోంది, పాత పాసుబుక్కు మీద నమ్మకం అలాంటిది.

పొడవు లెక్కా అంతే. బతికున్న మనిషిలో మీ కండరాలు బిగువుగా ఉంటాయి గనుక 3 నుంచి 5 మీటర్లు. ప్రాణం పోయాక బిగువు సడలి 6, 7 మీటర్లకు సాగుతారు. పాత కొలతల్లో చాలావరకు శవాల మీద తీసినవే. యజమాని పోయాక ఆస్తి పెరగడం మాకు కొత్తేమీ కాదు లెండి. పెద్దకర్మ భోజనాల దగ్గర అన్నదమ్ముల నోళ్లలో ఎకరం రెండెకరాలు కావడం చూసినవాళ్లమే.

అయినా 36 గజాలు తక్కువేం కాదు. రెండున్నర సెంటీమీటర్ల గొట్టంలో అంత జాగా ఎలా పట్టించారో మా బిల్డర్లను పిలిచి చూపించాలి. లోపలి గోడను మొదట అడ్డంగా మడతలు పెట్టారు. మడతల మీద అర మిల్లీమీటరు నుంచి మిల్లీమీటరు ఎత్తున, వేళ్లలాంటి ఆంత్ర చూషకాలు నాటారు. ఒక్కో చూషకం మీది ప్రతి కణానికీ మళ్లీ కుచ్చులా సూక్ష్మ చూషకాలు. మామూలు మైక్రోస్కోపుకు కూడా అవి విడివిడిగా కనపడవు. ఈ రెండూ కలిసి వైశాల్యాన్ని 60 నుంచి 120 రెట్లు పెంచుతాయని ఆ స్వీడన్ రీసర్వేలోనే ఉంది. ఇంతా చేసి పక్కవాళ్ల జాగాలోకి అంగుళం జరగలేదు. సెట్‌బ్యాకులో బాల్కనీ, బాల్కనీలో బాత్రూము కట్టే మావాళ్లకు ఇది వట్టి పిచ్చితనం. పైగా ఆ గోడకు 3 నుంచి 5 రోజులకోసారి కొత్త పూత కూడానట! చూషకాల అడుగున గుంటల్లో కణాలు పుట్టి, పైకెక్కి, కొసకు చేరి రాలిపోతాయి. మా ఇంటికి సున్నం వేసి ఎన్నేళ్లయిందో దయచేసి అడక్కండి.

మీకు రోడ్డు మాత్రం బొత్తిగా లేదు. అన్ని మీటర్ల మిమ్మల్ని పొట్ట వెనుక గోడకు పట్టి ఉంచేది మెసెంటరీ అనే పొర. అది గోడకు అతుక్కున్న చోటు అటూ ఇటూగా 15 సెంటీమీటర్లు. ఆ ఫేసింగ్ చూస్తే ఏ బ్యాంకూ లోను ఇవ్వదు. రక్తం కూడా దాదాపు అంతా ఒకే ధమని మీద రావాలి. ఆ దారి హఠాత్తుగా మూసుకుపోతే గంటల్లో పేగు కుళ్లడం మొదలవుతుంది. రెండో రోడ్డు కోసం అర్జీ పెట్టుకోవాల్సింది.

మీ లింకు డాక్యుమెంట్లు కూడా తిరగేశాం. తల్లి కడుపులో ఆరో వారానికి కాలేయం గారు పెరిగి పొట్టంతా ఆక్రమించేసరికి మీరు బొడ్డుతాడులోకి మకాం మార్చారు. పదో వారం దాకా అక్కడే అద్దెకున్నారు. తిరిగొచ్చేటప్పుడు నేరుగా రాక, మొత్తం మీద 270 డిగ్రీలు మెలితిరిగి సర్దుకున్నారు. పేగుబంధం అని మా అమ్మలు ఊరికే అనలేదన్నమాట. ఆ రోజుల గొట్టం ఒకటి నూటికి ఇద్దరిలో పూర్తిగా మాయం కాక చిన్న సంచిలా మిగిలిపోతుంది. మెకెల్ డైవర్టిక్యులమ్ అంటారు. మీ ఎస్టేటు మొత్తంలో అక్రమ కట్టడం అదొక్కటే. చాలామందిలో దాని జోలికెవరూ వెళ్లరు, అదీ ఎవరి జోలికీ రాదు. వచ్చిందా, అపెండిసైటిస్ వేషం కట్టి డాక్టర్లనే బోల్తా కొట్టిస్తుంది.

మీ మొదటి 25 సెంటీమీటర్ల భాగమైన ఆంత్రమూలం గురించి, అదే క్లోమం తలను చుట్టుకుని కూర్చున్న ఆఫీసు గది గురించి, రాస్తే గ్రంథమవుతుంది. ఒక్కటి చెప్పి వదిలేస్తా. జీర్ణాశయం నుంచి ఆమ్లం దిగగానే, క్లోమాన్ని రసం పంపమని మీరు రక్తం ద్వారా కబురు పెడతారని 1902లో లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ కనిపెట్టారు. ఆ కబురు పేరు సెక్రిటిన్. హార్మోన్ల మాట ఎత్తితే థైరాయిడ్ రిపోర్టు పట్టుకుని టెన్షన్ పడే మాకు, మొట్టమొదట దొరికిన హార్మోను మీ ఆఫీసుదని ఎవరూ చెప్పలేదు.

ఇక ఒక పాత కేసు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి అన్నదమ్ములు ఇద్దరిని స్ప్రూ, అంటే మన సంగ్రహణి, రోజుల తేడాలో తీసుకుపోయింది. ఆ జబ్బులో మీ చూషకాలు పొట్టిబడి మొద్దుబారతాయి. తిన్నది ఒంటికి పట్టదు, మనిషి కరిగిపోతాడు. అది సుబ్బారావు గారినీ పట్టుకుంది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో ఆయన బయటపడ్డారు. ఆ తర్వాత అమెరికా వెళ్లి, 1940ల మధ్యలో లెడర్లీ అనే మందుల కంపెనీ ప్రయోగశాలలో తన బృందంతో ఫోలిక్ ఆమ్లమనే బి విటమిన్‌ను తయారు చేయించారు. అదే ఆ స్ప్రూకు మందయింది. ఇంటి మీదికి వచ్చిన శత్రువుతో మావాళ్లు ఎలా తేల్చుకుంటారో సినిమాల్లో చూసే ఉంటారు. ఈయన పద్ధతి వేరు. ఇందులో మీ మీద కోపం పెట్టుకోవాలో జాలి పడాలో నాకు ఇప్పటికీ తేలలేదు.

చివరగా, మా వైపు బాకీ. కడుపు ఖాళీగా ఉంటే గంటన్నర, రెండు గంటలకోసారి మీరు పై నుంచి కింది దాకా ఊడ్చుకుంటూ పోతారు. మిగిలిన తుక్కూ, ఉండకూడని చోట చేరిన సూక్ష్మజీవులూ పెద్ద పేగులోకి నెట్టేస్తారు. గుడగుడమంటే ఆకలనుకుని మేం వెంటనే ఏదో ఒకటి లోపలికి తోస్తాం. తిండి దిగగానే మీరు చీపురు పక్కన పడేసి వంట పనిలో దిగాలి. పొద్దున టిఫిను, పదకొండింటికి టీతో పకోడీలు, భోజనం, నాలుగింటికి మిర్చిబజ్జీ, రాత్రి పన్నెండుకు బిర్యానీ. ఊడవడానికి మీకు దొరికేదల్లా మేం నిద్రపోయే ఆ కాసేపే. ఈ రోజు నుంచి మధ్యలో ఏమీ తిననని మీకు రాతపూర్వకంగా హామీ ఇవ్వాలనే ఈ లేఖ మొదలుపెట్టాను.

ఇంతలో పక్కింటివాళ్లు అరిసెలు పంపారు. వేడిగా ఉన్నాయి. ఊడవడం ఆపి తలుపు దగ్గరికి రండి.

ఇట్లు,
పట్టాదారు