అయ్యా వెల్డింగ్ బండీ, మరి గేటు సంగతేటి?

మహారాజశ్రీ వెల్డింగ్ బండి గారికి,

విజయనగరం కంటోన్మెంటు వెనక సందులోంచి లెక్కల మేస్టారు రాసేది. నేను క్షేమం, నువ్వు నాకంటే క్షేమం, గేటు మాత్రం క్షేమం కాదు. పోయిన సంక్రాంతికి ముందు ఊడిపోయిన కింద బందు ఇంకా ఊడిపోయే ఉంది, కట్టుతీగతో మూడు చుట్లు చుట్టి ఉంచాం, తీయాలంటే రెండు చేతుల్తో ఎత్తి ఉయ్యాల్లోంచి పసిపిల్లని తీసినట్టు తీయాలి, పాలబ్బాయి అయితే గేటు జోలికే రాకుండా గోడ మీంచి పాకెట్లు విసిరేస్తన్నాడు.

నీకు గుర్తుందో లేదో గానీ, వెల్డింగ్ మిషన్ పెట్టుకోడానికి నా చేత్తో నేను చేసిన బండివి నువ్వు, అసలు నువ్వు పుట్టిందే ఆ గేటు కోసం.

వీధి చివర వెల్డింగ్ షాపతను వచ్చి చూసి 800 అవుతాది మేస్టారూ అన్నాడు. ఒక్క బందుకి 800 ఏటయ్యా అని నాకు మండింది. వారం రోజులు ఫోన్లో వీడియోలు చూసాను, చూసేసరికి ఈ దేశంలో వెల్డింగ్ రానివాడు నేనొక్కడినే మిగిలాను అనిపించి 7,400 పెట్టి 200 యాంపుల ఇన్వర్టర్ మిషన్ తెప్పించాను. లెక్కల మేస్టారిని కాబట్టి లెక్క కూడా వేసాను, 9 గేట్లూ పదో గేటులో పావు వంతూ విరిగితే డబ్బులు వచ్చేసినట్టే.

మిషన్ వచ్చింది, ఆరేడు కేజీలు ఉంటుందంతే. నా చిన్నప్పుడు షాపుల్లో ఆయిలు పోసిన ట్రాన్స్‌ఫార్మర్ మిషన్లు ఉండేవి, కదపాలంటే నలుగురు పట్టాలి, వాటికి చక్రాలున్నాయంటే అర్థముంది. ఇది చంకలో పెట్టుకుని పోవచ్చు. చంకలో పట్టేదానికి బండెందుకురా అని అడిగింది మా అమ్మొక్కర్తే, ఆవిడ అడిగితే నేను విననని ఆవిడకీ తెలుసు.

నిజానికి నా దగ్గర కారణాలు ఉన్నాయి. కింద పెడితే గ్రైండర్ కొట్టినప్పుడు లేచే ఇనప రజను అంతా మిషన్ ఫ్యాను లోపలికి లాగేస్తుంది, ఆ రజను వెళ్ళి బోర్డు మీద కూర్చుంటే మిషన్ పని అయిపోతుంది. హోల్డర్ తీగ ఒక పక్క, ఎర్తు తీగ ఒక పక్క, కరిగి అతుకు వేసే వెల్డింగ్ రాడ్ల పాకెట్టు ఇంకోపక్క, వానాకాలం ఆ పాకెట్టుకి చెమ్మ పట్టిందంటే వెల్డు నిండా బొక్కలే. షెడ్డులో కారు పెట్టాక గోడకీ దానికీ మధ్య 18 అంగుళాల సందు మిగుల్తుంది. అందులోకి తోసేసేలా చిన్న బండి, 16 అంగుళాల వెడల్పు, 24 పొడుగు, 30 ఎత్తు, మూడు అరలు, పైన మిషను, మధ్యలో గ్రైండరూ నల్ల అద్దమూ, కింద బరువు సామాను. కాగితం మీద గీసినప్పుడు ఎంత ముద్దుగా ఉన్నావనుకున్నావు.

కాళ్ళకి 10 అడుగుల పైపు, అరలకి 20, హ్యాండిలుకి 4. అంగుళం స్క్వేర్ పైపు, 16 గేజి, 20 అడుగులవి రెండు. తూకం వేస్తే 14 కేజీల పైమాటే. ఐరన్ షాపాయన గేటుకా గ్రిల్లుకా మేస్టారూ అన్నాడు. బండికి అన్నాను. ఏం బండి? వెల్డింగ్ మిషన్ పెట్టుకునే బండి. మరి మిషన్ దేనికి? గేటుకి. ఆయన పైపు వైపు చూసాడు, నా వైపు చూసాడు, ఇంకేం మాట్లాడకుండా బిల్లు రాసేసాడు. ఒక్క మేలు మాత్రం చేసాడు, తళతళలాడుతున్న జీఐ పైపు మీద నేను చెయ్యి వేస్తే వద్దన్నాడు, దాని మీద జింకు పూత ఉంటాది, రాడ్డు పెడితే తెల్ల పొగ లేస్తాది, పీల్చారంటే రాత్రికి చలిజ్వరమే అని. నల్ల పైపే తెచ్చాను. నీ ఒంటి మీద తుప్పు మరకలు చూసి నువ్వు బాధపడుతుంటావని ఇది చెప్తున్నా, తుప్పు పట్టకుండా వేసే రెడాక్సైడ్ రంగు కొట్టడం మర్చిపోయింది మాత్రం నేనే.

ఇంక నీ పురుడు. మొదటి రోజు 3.15 మిల్లీమీటర్ల లావు రాడ్డు పెట్టి 110 యాంపులు ఇచ్చాను, 1.6 మిల్లీమీటర్ల గోడ ఉన్న పైపుకి అది అగ్గిలో కాగితం వేసినట్టే, నీ ఎడం కాలికి చిటికెన వేలు దూరే కన్నం పడింది. తర్వాత 2.5 రాడ్డుకి దిగి 65 యాంపులు పెట్టాను. వీడియోలో అతను అగ్గిపుల్ల గీసినట్టు గీయండి అంటాడు, గీసాను, జలగలా పట్టేసుకుంది, పీకితే రాడ్డుతో పాటు పైపు, పైపుతో పాటు నేను. రాడ్డు గీసిన ప్రతిసారీ ఇంట్లో లైట్లు డల్ అయ్యేవి, మా ఆవిడ సీరియల్లో అత్తగారు నోరు తెరిచేసరికి ఎంసీబీ పడిపోయేది, ఫ్యానుకి వాడే సన్నటి ఎక్స్‌టెన్షన్ తీగ పెట్టాను కదా, అది చేత్తో పట్టుకోలేనంత వేడెక్కింది. తర్వాత 4 స్క్వేర్ లావు తీగ కొన్నాను. ఆ బిల్లు మా ఆవిడ చూడలేదు.

నాకు బాగా అవమానంగా అనిపించింది ఏటంటే, ఈ 6013 రకం రాడ్డు మీద పూత ఉంటుంది చూడు, అందులో ముఖ్యమైనది రూటైల్, అది మన శ్రీకాకుళం సముద్రపొడ్డున కళింగపట్నం, భావనపాడు పక్కన ఇల్మనైటుతోనూ గార్నెట్టుతోనూ కలిసి ఇసకలో దొరికే ఖనిజమే. కొంచెం ఫెర్రో మాంగనీసు కూడా వేస్తారు, మాంగనీసంటే మళ్ళీ మన చీపురుపల్లి, గరివిడి పక్కే. అంటే రాడ్డు మీదున్నవన్నీ మా చుట్టాలే, అయినా నా మాట వినలేదు.

ఇంకోటి, టాకంటే ముక్కలు కదలకుండా పెట్టే చిన్న వెల్డు చుక్క, ఒక్క టాకే కదా అని నల్ల అద్దం పెట్టుకోకుండా ఓసారి, ఇంకో టాకే కదా అని మరోసారి, అలా పదకొండు టాకులు వేసాను. రాత్రి ఒంటిగంటకి కళ్ళల్లో గుప్పెడు ఇసక పోసి రుద్దినట్టు అయింది. అమ్మ బంగాళాదుంప చక్రాల్లా కోసి కళ్ళ మీద పెట్టి, ఓలమ్మో 800 మిగిల్చావు నాయినా అంది. పొద్దున్న కళ్ళ డాక్టరు చుక్కలమందు కంటే ఎక్కువ తిట్లు రాసిచ్చాడు.

ఇప్పుడు నిజం మాట్లాడుకుందాం. దీర్ఘచతురస్రంలో కర్ణాలు సమానం అని ఇరవై రెండేళ్ళుగా పిల్లల చేత వల్లె వేయిస్తున్నాను. నీ పై అర కర్ణాలు కొలిస్తే ఒకటి 28న్నర దాటింది, ఒకటి 29 దాటింది. నాలుగు మూలలూ టాకు వేసి, కర్ణాలు చూసుకుని, ఈ మూల కొంచెం ఎదురు మూల కొంచెం వెల్డు పెట్టుకుంటూ పోవాలి, నేనేమో మొదటి మూల అందంగా వచ్చిందని ఆనందంలో దాన్నే పూర్తిగా లాగించేసాను, ఇనుము చల్లారేటప్పుడు తనవైపు లాక్కుంటుంది కదా, లాక్కుంది. బొబ్బిలిలో వీణ చేసేవాళ్ళు ఒక్క పనస మొద్దులోంచి అతుకు లేకుండా మొత్తం వీణ తొలిచి తీస్తారు. పక్కూరివాణ్ణే నేను, నీకు ముప్ఫై అతుకులు పెట్టాను, ఒక్కటీ రెండోదానితో మాట్లాడదు.

ఫలితంగా నీకు చక్రాలు నాలుగు, నేలకి ఆనేవి మూడు. దసరాకి ఆయుధపూజ చేసి బొట్టు పెట్టి చక్రానికొకటి చొప్పున నాలుగు నిమ్మకాయలు పెట్టి తోసాం, మూడే నలిగాయి. ఆ తర్వాతి మంగళవారమే మన పైడితల్లమ్మ సిరిమాను పండగ. అంత పొడుగు మాను చివర పీట మీద పూజారి గారు గాల్లో కూర్చుంటారు, బండి గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది, లక్షల జనం మధ్యలో చీమ కుట్టినంత కూడా తేడా రాదు. నువ్వేమో ఇంటి ముందు కాలవ మీద వేసిన బండ దాటలేక, పైన ఇనుము బిగించి పట్టుకునే బెంచి వైస్ పెట్టింది నేనేలే, బరువంతా పైకి చేరి మొహం కింద పెట్టావు. వైస్ వచ్చి పక్కింటి వాళ్ళ మొక్కల కుండీలో పడింది.

అప్పట్నుంచే వీధిలో నీకు పేరు కూడా వచ్చింది. ఎదురింటి మామ్మగారు గుమ్మంలోంచి చూసి, ఏటి మేస్టారూ, రిటైరయ్యాక ముంత మసాలా బండి పెడతారేటి అన్నారు. ఇంకా పధ్నాలుగేళ్ళు సర్వీసుందండీ అన్నాను. అయితే సాయంత్రాలు పెట్టండి అన్నారు. మా క్లాసు పిల్లలకి కూడా తెలిసిపోయింది, బోర్డు మీద సమాంతర చతుర్భుజం గీసి ఇదేమిటర్రా అంటే వెనక బెంచీలోంచి బండి సార్ అని వినపడింది.

ఇంతకీ 18 అంగుళాల సందులో పట్టావా? నువ్వు 16. తీగలు చుట్టుకోడానికి రెండు పక్కలా కొక్కేలు వెల్డు చేసాను, ఒక్కోటి 3 అంగుళాలు బయటికి వచ్చింది. మొత్తం 22. ఇది కూడికే, మూడో తరగతిది. అందుకని ఇప్పుడు షెడ్డులో నువ్వుంటావు, కారు రోడ్డు మీద వేపచెట్టు కింద ఉంటుంది. దాని ముందు అద్దం మీద గ్రైండర్ నిప్పురవ్వలు పడి అతుక్కున్న చుక్కలు, చేత్తో రాస్తే గరుగ్గా తగుల్తాయి, రాత్రిపూట ఎదురు లైట్లు పడితే కార్తీక దీపాల్లా కనపడతాయి.

నువ్వు పనికిమాలినదానివి అని నేననను. గ్యాసు బండ లోపలికి తేవాలంటే నువ్వే. అమ్మ మినప వడియాలు ఎండబెట్టేది నీ పై అర మీదే, కోడి ముక్కుకి అందని ఎత్తు అని ఆవిడకి భలే ఇష్టం. వినాయక చవితికి సందులో పిల్లలు నిన్ను కడిగి, మామిడాకులు కట్టి, బొజ్జయ్యని కూర్చోబెట్టి పెద్ద చెరువుకి తోసుకెళ్ళారు, వెనక నేను రెండు చేతులూ అడ్డం పెట్టుకుని, ఎక్కడ మొహం కింద పెడతావో అని గోవిందా గోవిందా అనుకుంటూ. అన్ని పనులకీ వచ్చావు, గేటు పని తప్ప.

ఈ ఉత్తరం ఎందుకు రాస్తున్నానంటే, మొన్న ఆ వెల్డింగ్ షాపతను మన వీధిలోంచి పోతా ఆగాడు. కట్టుతీగ చూసి నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు, షెడ్డులోకి వచ్చి నిన్ను చుట్టూ తిరిగి చూసాడు, కొక్కేలు లాగి చూసాడు, రాడ్లు తడవకుండా పెట్టిన పీవీసీ గొట్టం మూత తీసి వేసాడు. ఇది మీరే చేసారేటి అన్నాడు. అవునన్నాను. మరి మీ మిషన్ దేని మీద ఉంటాదయ్యా అన్నాను. పాత లారీ టైరు మీద మేస్టారూ, అన్నాడు, వంగి వంగి నడుం పోతన్నాది. తర్వాత కొంచెంసేపు ఇద్దరం మాట్లాడుకోలేదు. లోపల్నించి అమ్మ, ఆ బండి అతనికి ఇచ్చీ నాయినా అంది.

కాబట్టి ఆదివారం పొద్దున్న అతను వస్తాడు. ముందు గేటు బందు వేస్తాడు, తర్వాత నీ కాలు కింద వాషర్లు పెట్టి నాలుగో చక్రం నేలకి దింపుతాడంట, రెండు నిమిషాల పనంట, ఆ రెండు నిమిషాలూ నేను ఇంట్లోకి వెళ్ళిపోతాను. ఆ తర్వాత బాగుపడిన గేటులోంచి నువ్వు బయటికి వెళ్తావు. కాలవ బండ దగ్గర చూసుకో, అక్కడ నీకు అలవాటే.

వైస్ నాది, అది ఇవ్వను. పైపు ఇంకా ఆరడుగుల ముక్క మిగిలింది, మిషన్ మళ్ళీ కిందే కదా ఉంటుంది, దానికి ఒక చిన్న స్టాండు లాంటిది, చక్రాలు లేకుండానే, నిన్న రాత్రి కాగితం మీద గీసాను. మా ఆవిడకి చెప్పకు.

ఇట్లు
మీ మేస్టారు