మందుతో పాటు మూటనూ చూడాలి: ఔషధ మొక్కల్లో నానో కణాలు

ఔషధ మొక్క అనగానే పరిశోధన ఎక్కువగా ఒకే దారిలో నడుస్తుంది. అందులో పనిచేసే రసాయనం ఏది, దాన్ని ఎలా విడదీయాలి? పసుపైతే కర్‌క్యుమిన్, అల్లమైతే జింజెరాల్. ఆ రసాయనం మొక్కలో ఏ రూపంలో ఉందన్న ప్రశ్న మాత్రం చాలాకాలం వెనకబడిపోయింది. అసలు వెతకాల్సింది అక్కడే అని నా గట్టి నమ్మకం.

అల్లం రసాన్ని సెంట్రిఫ్యూజ్‌లో అతివేగంగా తిప్పితే కొవ్వు పొర చుట్టుకున్న సూక్ష్మ సంచులు, అంటే ఒక రకం నానో కణాలు, దొరుకుతాయి. సైజు సాధారణంగా కొన్ని వందల నానోమీటర్లు. మన వెంట్రుక మందం సుమారు 80,000. వాటిలో జింజెరాల్‌తో పాటు ప్రొటీన్లు, జన్యువుల పనిని నియంత్రించగల చిన్న ఆర్‌ఎన్‌ఏ అణువులు కూడా ఉంటాయి. ఈ సంచుల్ని నోటి ద్వారా ఇచ్చినప్పుడు ఎలుకల్లో పెద్దపేగు వాపు తగ్గిందని 2016లో ఒక అధ్యయనం చూపింది. పేగులోని లాక్టోబాసిల్లస్ బ్యాక్టీరియా వీటిని లోపలికి తీసుకుంటుందని, ఆ ఆర్‌ఎన్‌ఏ బ్యాక్టీరియా జన్యువుల పనినే మారుస్తుందని 2018లో మరో బృందం చెప్పింది. ఒక్క జింజెరాల్‌నే కొలిస్తే ఇదంతా కనిపించేది కాదు.

కషాయంలో జరిగేది ఇంకా ఆసక్తికరం. బెర్బెరిన్, బైకాలిన్ ఔషధ మొక్కల్లో దొరికే రెండు రసాయనాలు. బెర్బెరిన్‌కు ధనావేశం ఉంటుంది, బైకాలిన్ ఆమ్ల గుణం ఉన్నది. రెండూ నీటిలో కలిస్తే వాటంతటవే దగ్గరై నానో కణాలవుతాయి. స్టెఫిలోకోకస్ ఆరియస్ బ్యాక్టీరియాపై ఇవి ఒంటరి బెర్బెరిన్ కంటే బలంగా పనిచేశాయి. అదే బెర్బెరిన్ వోగోనోసైడ్ అనే మరో మొక్క రసాయనంతో కలిస్తే నానో పోగులు ఏర్పడ్డాయి, బలం తగ్గింది. బెర్బెరిన్ మారలేదు. తోడు మారింది, ఆకారం మారింది, ఫలితం తలకిందులైంది! అడుగున మిగిలిన మడ్డి అని వడపోసి పారేసే దాంట్లో ఇలాంటి కణాలేం పోతున్నాయో ఆలోచించాలి.

ఇక్కడ ఒక గందరగోళం గురించి చెప్పాలి. మొక్క రసంతో వెండి లవణాల నుంచి తయారుచేసే వెండి నానో కణాలు సహజమైనవి కావు, అవి ప్రయోగశాలలో పుట్టినవి. రెంటినీ ఒకే గాటన కట్టకూడదు.

మరో చిక్కు ఉంది. మొక్కను నూరితే దాని జీవకణాల పొరలు చిరిగి, ఆ ముక్కలు కూడా గుండ్రంగా చుట్టుకుంటాయి. మొక్క తానే విడుదల చేసిన సంచి ఏదో, మన రోలు చేసిన సంచి ఏదో తేల్చడం కష్టం. అయినా 'మొక్కల ఎక్సోసోమ్‌లు' (జీవకణాలు తామే బయటికి విడుదల చేసే సంచులు) అన్న లేబుల్‌తో క్రీములు అమ్మేస్తున్నారు. సహజమైనది కాబట్టి హాని చేయదన్న భరోసా కూడా సరికాదు.

ఇకపై ఇలాంటి ఫలితం ఏది కనబడినా నేను మొదట చూసేది ఒక్కటే. అదే మోతాదు రసాయనాన్ని సంచి లేకుండా ఇచ్చి పోల్చారా?