సవరణ: పానగల్ విహారయాత్ర, బడి బతుకమ్మ

బడి పిల్లల నల్గొండ పానగల్ యాత్ర, బడిలో బతుకమ్మ గురించి మొన్న పెట్టిన పోస్టులో రెండు మార్పులు.

ఛాయా సోమేశ్వరాలయం గర్భగుడిలో పడే స్తంభం నీడ చూడాలంటే మధ్యాహ్నం పన్నెండు దాకా ఆగాలని రాశాం. అక్కర్లేదు. అది నేరుగా పడే ఎండ వల్ల వచ్చే నీడ కాదు. చుట్టూ చెదిరి మండపంలోకి వచ్చే వెలుతురుకు స్తంభాలు అడ్డుపడటం వల్ల ఏర్పడుతుంది. అందుకే సూర్యుడు కదిలినా నీడ జరగదు, పగలంతా ఉంటుంది. కాబట్టి ఎండ ముదరకముందే అక్కడికెళ్లి, పచ్చల సోమేశ్వరాలయాన్ని ఆ తర్వాత చూపించండి. రెండూ వేర్వేరు గుళ్లు. ఒక టీచర్ పిల్లలతో లోపల, ఇంకొకరు బయట ఉండాలి. క్లాసంతా ఒకేసారి గుమ్మం ముందు నిలబడితే వెలుతురు ఆగిపోయి నీడే కనబడదు. పదిమంది చొప్పున పంపండి. ఫోన్ టార్చ్ వేస్తే ఉన్న నీడ కూడా చెరిగిపోతుంది.

బతుకమ్మను పండుగ చివరిదైన సద్దుల రోజు బడిలో చేద్దాం అనుకున్నాం. అప్పటికి దసరా సెలవులుంటాయి, సెలవులకు ముందటి పనిదినానికి మార్చుకోండి. గునుగు పూలకు ముందురోజే రంగు అద్ది ఆరబెట్టాలి, తడిగా పేరిస్తే రంగు కారి పిల్లల బట్టలకు అంటుతుంది. తాంబాలంలో గుమ్మడాకులు పరిచి, తంగేడు వరుసలు పేర్చేటప్పుడు నడుమ ఆకుల ముక్కలు గట్టిగా కూరాలి. నడుమ బోలుగా ఉంటే మూడో వరుసకే ఒరుగుతుంది. నిమజ్జనానికి చెరువు వద్దు, బడిలోనే పెద్ద నీళ్ల టబ్బు చాలు.