ఖాజాగూడ బండ మీది మచ్చ బిర్యానీలోకి రాదు

మా వాకింగ్ గ్రూపులో ఒక ఫార్వర్డ్ తిరుగుతోంది. హైదరాబాద్ ఖాజాగూడ బండల మీద కనిపించే మచ్చలు 'మ్యాప్ లైకెన్' అట. బండతో పాటే పుట్టి 250 కోట్ల ఏళ్లుగా ఉన్నాయట. అవి ఉన్నచోట గాలి స్వచ్ఛమట. బిర్యానీలో వేసే రాతి పువ్వు కూడా అదేనట, గోకి తెచ్చుకోవచ్చట! ఇందులో పూర్తి నిజం ఒక్కటే, అవి లైకెన్లు.

ముందు ఆ ఫార్వర్డ్‌లోని ఫొటో సంగతి. నిమ్మపండు రంగు పెచ్చులు, వాటి మధ్య నల్లటి గీతలు, అచ్చం దేశపటమే. అది అసలు మ్యాప్ లైకెన్, శాస్త్రీయ నామం రైజోకార్పన్ జియోగ్రాఫికమ్. ఆల్ప్స్, ఆర్కిటిక్ లాంటి చలి చోట్ల గ్రానైట్ జాతి రాళ్లను పట్టుకుని బతుకుతుంది. మనదీ గ్రానైటే కదా అంటారేమో. మే నెల మధ్యాహ్నం చెప్పుల్లేకుండా మన బండెక్కి చూడండి, తేడా అరికాలికే తెలుస్తుంది.

250 కోట్ల ఏళ్లు రాయి వయసు. లైకెన్ అంటే శిలీంధ్రం, శైవలం కలిసి పెట్టిన కాపురం. రాయి బయటపడ్డాక దిగిన అద్దెదారు. పైగా మన బండలు ఉల్లిపాయలా పొరలు వదులుతాయి, పొరతో పాటే మచ్చా పోతుంది. మ్యాప్ లైకెన్ ఏడాదికి మిల్లీమీటరు కూడా పెరగదు. ఆ నిదానాన్నే వాడుకుని, మచ్చ అడ్డకొలతను బట్టి మంచునది ఆ రాయిని ఎప్పుడు వదిలిందో లెక్కగట్టే పద్ధతిని 1950లో వృక్షశాస్త్రజ్ఞుడు రోలాండ్ బెషెల్ చూపించాడు. ఆర్కిటిక్‌లో వేల ఏళ్ల మచ్చలున్నాయి, కోట్ల ఏళ్లవి లేవు. 2005లో మ్యాప్ లైకెన్‌ను రెండు వారాలు అంతరిక్షంలో ఆరుబయట ఉంచి తెచ్చినా బతికే ఉంది. ఫార్వర్డ్ చేయాల్సింది ఈ సంగతి, ఎవరూ చేయరు.

గాలి మాట సగం నిజం. పారిస్ పొగకు లైకెన్లు తగ్గుతున్నాయని వృక్షశాస్త్రజ్ఞుడు నైలాండర్ 1866లోనే రాశాడు. అయితే పొగను ఓర్చుకునే రకాలూ ఉన్నాయి. కాబట్టి ఏదో ఒక మచ్చ కనిపించిందని గాలికి సర్టిఫికెట్ ఇవ్వలేం. ఏ రకం మిగిలింది, ఏది మాయమైంది అన్నది చూడాలి.

ఇక బిర్యానీ. రాతి పువ్వు ఆకులా విప్పారే రకం, పైన బూడిద రంగు, కింద నలుపు. కొండ ప్రాంతాల్లో చెట్ల బెరడు మీద, రాళ్ల మీద పెరుగుతుంది. మన బండ మీదివి ఎక్కువగా పెచ్చు రకాలు, రాయిలోకి దిగిపోయి ఉంటాయి. గోకితే వచ్చేది రాతిపొడి. దానికి తోడు, గాలిలోంచీ వానలోంచీ సీసం లాంటి లోహాలను లైకెన్ పీల్చి దాచుకుంటుంది. దగ్గర్లోనే ఔటర్ రింగ్ రోడ్డు. రాతి పువ్వు ఉండే పోట్లీ మసాలాకు బేగంబజార్ వెళ్లండి.