‘టు’ కనపడితే ‘ఎందుకు’ అని అడగాలా? బీచ్ రోడ్డులో మావయ్యతో వాదన

నేను వైజాగ్ ద్వారకా నగర్‌లో స్పోకెన్ ఇంగ్లీష్ బ్యాచ్‌లు చెప్తాను, మా మావయ్య హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు, ఇద్దరికీ అన్నీ కుదుర్తాయి గానీ ఇంగ్లీషు క్లాసులో తెలుగు వాడొచ్చా లేదా అన్న దగ్గర మాత్రం ఎప్పుడూ పడదు, నేను వద్దంటాను, ఆయన వాడాలంటారు. మొన్న ఆదివారం సాయంత్రం ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్‌కి ఎదురుగా కూర్చున్నాం, మళ్ళీ మొదలైంది. ఈసారి ఫ్రేజల్ వెర్బ్ (క్రియకి ఆఫ్, ఆన్, అప్ లాంటి చిన్న మాట తగిలించింది) తర్వాత వచ్చే ‘టు’ గురించి, అంటే ‘స్టాప్డ్ ఆఫ్ టు బై మిల్క్’ (పాలు కొనడానికి దారిలో ఆగాను) లాంటి వాక్యాలన్నమాట. గుర్తున్నంత వరకు రాస్తున్నా.

నేను: మావయ్యా, నా బ్యాచ్‌లో ఒకబ్బాయి మాక్ ఇంటర్వ్యూలో ‘ఐ వెంట్ ఆన్ టు వర్క్ ఇన్ ఎ ఫార్మా కంపెనీ’ అన్నాడు. వాడు చెప్పాలనుకుంది డిగ్రీ చదువుతూ కూడా అక్కడ పని చేస్తూనే ఉన్నా అని. వినేవాళ్ళకి ఏం అర్థమవుద్ది, డిగ్రీ అయ్యాక వెళ్ళి చేరాడు అని. రెండేళ్ళ ఎక్స్‌పీరియన్స్ ఒక్క ‘టు’తో పోయింది. ‘వెంట్ ఆన్ వర్కింగ్’ అనాలి. బుర్రలో తెలుగు తిప్పుకుంటూ మాట్లాడితే ఇలాగే అవుతుంది.

మావయ్య: ఏటమ్మా, తెలుగు మీదికి తోసేస్తున్నావు? తెలుగులో ఆలోచిస్తే ఆ తప్పు రాదు. ‘చేస్తూనే ఉన్నా’. చేస్తూ. శత్రర్థకం. అక్కడ ఇంగ్లీషులో ఇంగ్ పడుతుంది, టెన్త్ చదివిన ఎవడికైనా తెలుసు. వాడు ‘వెంట్ ఆన్ టు’ అని ఎక్కడో విని ఆ ముక్క అలాగే బట్టీ పట్టాడు. బట్టీ ఎవరు పట్టించమన్నారు?

నేను: బట్టీ కాదు, అలవాటు. చిన్నపిల్లలు భాష ఎలా నేర్చుకుంటారు? వినీ వినీ. గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడిలో సవర గిరిజనుల భాష నేర్చుకోవడానికి, అది బాగా వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని జీతమిచ్చి మరీ నేర్చుకున్నారని మీరే చెప్పారు కదా నాకు.

మావయ్య: చెప్పాను. నేర్చుకున్నాక ఏం చేశారో కూడా చెప్పాను, అది వదిలేశావు. కూర్చుని సవరకి వ్యాకరణం రాశారు, 1931లో అచ్చయింది. వినడంతో సరిపోతే అంత కష్టం ఎందుకు? సరే, ఇదుగో ఈ సబ్‌మెరైనే తీసుకో. 1969లో నేవీలో చేరింది, 2001లో రిటైరైంది, ‘వెంట్ ఆన్ టు బికమ్ ఎ మ్యూజియం’. ఇప్పుడు అడుగు, ఎందుకు వెంట్ ఆన్? మ్యూజియం అవుదామనా?

నేను: కాదు. ఆ తర్వాత మ్యూజియం అయ్యింది, అంతే.

మావయ్య: మరి నేవీ డే విన్యాసాలు ఇక్కడ పెడితే ఈ బీచ్ రోడ్డు నిండా జనం వస్తారు. ‘పీపుల్ టర్న్డ్ అవుట్ టు సీ ది షిప్స్’. ఎందుకొచ్చారు?

నేను: చూద్దామని.

మావయ్య: చూశావా, ‘చూద్దామని’ అని నీ నోట్లోంచి దానంతటదే వచ్చింది. ఇప్పుడు అదే టర్న్ అవుట్‌తో ఇంకోటి, ‘ది న్యూస్ టర్న్డ్ అవుట్ టు బి ఫాల్స్’. అబద్ధం అవుదామని వార్త బయల్దేరిందా? లేదు, తీరా చూస్తే అబద్ధమని తేలింది. క్రియ అదే, ‘టు’ అదే, పని వేరు. తెలుగులో చెప్పించావంటే ‘-దామని’, ‘-డానికి’ ఒక వైపు పోతాయి, ‘తేలింది’, ‘అయ్యింది’ ఇంకో వైపు పోతాయి. ‘షి గ్రూ అప్ టు బి ఎ డాక్టర్’, పెరిగి డాక్టరైంది. ‘హి వోక్ అప్ టు ఫైండ్ ది హౌస్ ఎంప్టీ’, లేచి చూస్తే ఇల్లు ఖాళీ. పెరిగి, లేచి, ఇవన్నీ క్త్వార్థకాలు, ఒక పని అయ్యాక ఇంకోటి అని చెప్పేవి. ఇల్లు ఖాళీగా ఉందో లేదో చూద్దామని ఎవడూ నిద్ర లేవడు కదమ్మా.

(ఇక్కడ నేను కాసేపు మాట్లాడలేదు. గ్రూ అప్ టు, వోక్ అప్ టు అనేవి నేను పిల్లలకి ‘ఫిక్స్‌డ్ ఎక్స్‌ప్రెషన్’ అని చెప్పి దాటేస్తాను, నిజం ఒప్పుకోవాలంటే ఎందుకో నాకే క్లియర్‌గా తెలీదు కాబట్టి.)

నేను: సరే, అర్థం చేసుకోవడానికి పనికొస్తుంది. కానీ మాట్లాడేటప్పుడో? మన ‘కొనడానికి’లో ఏముంది, కొనడం ప్లస్ కి. పిల్లాడు ‘కొనడం’ దగ్గర బయింగ్ పెడతాడు, ‘కి’ దగ్గర ఫర్ పెడతాడు, ‘ఐ స్టాప్డ్ ఆఫ్ ఫర్ బయింగ్ మిల్క్’ అంటాడు. ఈ తప్పు నేను రోజూ వింటాను మావయ్యా, రోజూ. నేరుగా తెలుగులోంచి వచ్చిన తప్పు ఇది. తెలుగే లేకపోతే ఈ ఫర్ ఎక్కడిది?

మావయ్య: నిజమే, అది తెలుగు తప్పే. కానీ దానికి మందు కూడా అక్కడే ఉంది. మనం ‘కూరలు కోయడానికి కత్తి’ అంటాం, ‘కూరలు కోయడానికి కూర్చున్నాను’ అని కూడా అంటాం. రెండిట్లో మాట ఒకటే. ఇంగ్లీషువాడు కత్తి దగ్గర ‘ఎ నైఫ్ ఫర్ కటింగ్ వెజిటబుల్స్’ అంటాడు, అది వస్తువు వాడకం. మనిషి కూర్చున్న దగ్గర ‘ఐ శాట్ డౌన్ టు కట్’ అంటాడు, అది మనిషి మనసులో ఉన్నది. కాబట్టి ‘-డానికి’ బదులు ‘-దామని’ పెట్టి చూడమను. ‘కోద్దామని కూర్చున్నా’ కుదిరింది, టు. ‘కోద్దామని కత్తి’ కుదరదు, ఫర్. ‘బస్సు మిస్ అవ్వకూడదని తొందరగా లేచా’ కూడా ఆ ‘అని’ ఇంట్లోదే, ‘గాట్ అప్ ఎర్లీ సో యాజ్ నాట్ టు మిస్ ది బస్’. అక్కడ ఉత్త ‘నాట్ టు’ పెడితే మాత్రం తేడాగా వినిపిస్తుంది.

నేను: ఈ కత్తి సంగతి నాకు నచ్చింది, వాడుకుంటా. కానీ మీ పద్ధతి మొత్తం పడిపోయే చోటు ఒకటి చూపించనా? ‘మిమ్మల్ని కలవడానికి ఎదురుచూస్తున్నాను’. మీరన్న ‘-డానికి’ ఉంది. కలుద్దామని ఎదురుచూస్తున్నా, మీరన్న ‘-దామని’ కూడా నిక్షేపంగా కుదిరింది. అందుకే పిల్లలు ‘లుకింగ్ ఫార్వర్డ్ టు మీట్ యూ’ అని రాస్తారు, జాబ్ అప్లికేషన్ మెయిల్ చివర్లో, అది చదివేవాడికి మొదట కనిపించే తప్పు అదే. కావాల్సింది ‘టు మీటింగ్ యూ’. తెలుగు ఇక్కడ చేయి పట్టుకుని తీసుకెళ్ళి గోతిలో పడేస్తుంది.

మావయ్య: ఇక్కడ టు వేరు. అది క్రియ ముందుండే టు కాదు, విభక్తి లాంటి టు. టు తర్వాత ‘ఇట్’ పెట్టి చూడు. ‘లుకింగ్ ఫార్వర్డ్ టు ఇట్’ నిలబడుతుంది. ‘స్టాప్డ్ ఆఫ్ టు ఇట్’ నిలబడదు. ‘గెట్ డౌన్ టు ఇట్’, ‘ఓన్డ్ అప్ టు ఇట్’ నిలబడతాయి, అందుకే ‘గెట్ డౌన్ టు వర్కింగ్’, ‘ఓన్డ్ అప్ టు బ్రేకింగ్ ది గ్లాస్’.

నేను: మరి ఈ ఇట్ పరీక్షలో తెలుగెక్కడుంది? అచ్చంగా ఇంగ్లీషు చెవితో చేసే పరీక్ష. ‘టు ఇట్’ బాగుందా లేదా అన్నది వాడికి ఎలా తెలుస్తుంది, బోలెడన్ని సార్లు విని ఉంటేనే కదా. మళ్ళీ నా దారికే వచ్చారు.

మావయ్య: వచ్చాను, ఆ ఒక్కచోట. తప్పేముంది? శామ్యూల్ జాన్సన్ అంతటివాడు 1755లో తన ఇంగ్లీషు నిఘంటువు ముందుమాటలో పరాయివాళ్ళకి ఎక్కువ కష్టమయ్యేవి ఇలా చిన్న మాట తగిలించుకున్న క్రియలేనని రాశాడు. ఒక్క తాళంచెవితో అన్ని తలుపులూ తెరుచుకుంటాయని నేనెప్పుడన్నాను? నువ్వు ఉన్న తాళంచెవిని కూడా సముద్రంలో పడేస్తానంటున్నావు, అదీ నా బాధ. నీ క్లాసులో పిల్లాడు తెలుగు మాట్లాడితే పది రూపాయల ఫైనంట.

నేను: అది ఇన్‌స్టిట్యూట్ రూల్ మావయ్యా, నేను పెట్టింది కాదు.

మావయ్య: వసూలు చేసేది ఎవరు?

(దీనికి నా దగ్గర సమాధానం లేదు. పార్వతీపురం వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి ఫైన్ భయానికి మొదటి రెండు వారాలు అసలు నోరే విప్పలేదు, ఆ విషయం అప్పుడు గుర్తొచ్చింది, మావయ్యకి చెప్పలేదు, ఇక్కడ రాస్తున్నా.)

నేను: సరే వినండి. సోమవారం బోర్డు మీద రెండే రాస్తా. ‘పీపుల్ టర్న్డ్ అవుట్ టు సీ ది షిప్స్’, ‘ది న్యూస్ టర్న్డ్ అవుట్ టు బి ఫాల్స్’. వాటి వరకు తెలుగులో చెప్పనిస్తా, ఫైన్ లేదు. ఏది ‘-దామని’ వైపు పోతుందో వాళ్ళే తేల్చుకుంటారు.

మావయ్య: లుకింగ్ ఫార్వర్డ్ కూడా రాయి. తెలుగులో చెప్పించి, అది ఎక్కడ దారి తప్పిస్తుందో కూడా చూపించు.

నేను: అది మాత్రం చెప్పించను. అది వినే నేర్చుకోవాలి, ఇరవై సార్లు గట్టిగా అనిపిస్తా.

మావయ్య: ఇరవై సార్లు అంటాడు, ఇరవై ఒకటోసారి మెయిల్‌లో ‘టు మీట్’ అనే రాస్తాడు.

నేను: రాయడు.