మాంసం ఉడకదు, క్యాన్సరూ బయటపడదు

హనుమకొండ వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ తెగ తిరుగుతోంది. మైక్రోవేవ్‌లతో ఒంట్లోని కణజాలాన్ని కొలిచే యంత్రం ఓవెన్ లాంటిదేనట. కండను లోపలి నుంచి ఉడికిస్తుందట, డీఎన్‌ఏని తెంపుతుందట. అదే మెసేజ్ చివర్లో, చర్మానికి ఆనిస్తే చాలు క్యాన్సర్ చెప్పేస్తుందనీ, అందుకే ఆస్పత్రులు దాన్ని దాచాయనీ ఉంది. మనిషిని ఉడికించే యంత్రాన్ని దాచారని బాధెందుకో మరి!

ముందు ఓవెన్ సంగతి. ఇంట్లో ఓవెన్ పవర్ 700, 800 వాట్లు. కొలిచే యంత్రం ప్రోబ్‌లోకి, అంటే కణజాలానికి ఆనించే కడ్డీలోకి, పంపేది మామూలుగా ఒక మిల్లీవాట్‌కి అటూ ఇటూ. మీ ఫోన్ సిగ్నల్ అంతకు వంద రెట్లు దాటగలదు. ఓవెన్ అయినా లోపలి నుంచి ఉడికించదు. 2.45 గిగాహెర్ట్జ్ తరంగం కండలోకి రెండు సెంటీమీటర్లు వెళ్లేసరికే శక్తి చాలావరకు పోగొట్టుకుంటుంది.

డీఎన్‌ఏ మాట ఉత్తదే. రసాయన బంధం తెగడానికి కావాల్సిన శక్తిలో ఒక మైక్రోవేవ్ ఫోటాన్‌కి, అంటే ఆ తరంగంలోని ఒక్క శక్తి పొట్లానికి, ఉండేది లక్షో వంతు కూడా కాదు.

అసలు ప్రమాదం క్యాన్సర్ ముక్కలో ఉంది, జనం దాన్ని నమ్మేస్తారు కాబట్టి. ఈ యంత్రం చూసేది ముఖ్యంగా నీటిని. కుమార్‌పల్లి మార్కెట్‌లో కొన్న మటన్ ముక్కకి ప్రోబ్ ఆనించారనుకోండి. 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర కండ పర్మిటివిటీ (విద్యుత్ క్షేత్రానికి పదార్థం ఎంతగా స్పందిస్తుందో చెప్పే అంకె) సుమారు 53, పక్కనే ఉన్న తెల్ల కొవ్వుది 5 చిల్లర. కండలో నీళ్లెక్కువ, కొవ్వులో తక్కువ, అంతే తేడా. ప్రోబ్ మొన కింద చిన్న గాలి బుడగ చిక్కినా రీడింగ్ పడిపోతుంది. పైగా ఆ మొన చూడగలిగేది కొన్ని మిల్లీమీటర్ల లోతే. చర్మం మీద పెడితే లోపలి గడ్డ దానికెలా తెలుస్తుంది?

గడ్డల్లో నీళ్లెక్కువన్నది నిజమే. అందుకే కొవ్వు పక్కన తేడా బాగా కనిపిస్తుంది. కానీ 2007లో ఆపరేషన్లలో తీసిన రొమ్ము కణజాలాన్ని కొలిచినప్పుడు, క్యాన్సర్ గడ్డకీ మామూలు గ్రంథి కణజాలానికీ తేడా పది శాతం దగ్గరే తేలింది. మైక్రోవేవ్ ఇమేజింగ్ మీద పరిశోధన నడుస్తోంది, మంచిదే. బయాప్సీ, అంటే గడ్డలోంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష, మాత్రం కణాలనే మైక్రోస్కోప్ కింద చూస్తుంది. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలో డాక్టర్ బయాప్సీ రాస్తే ఈ మెసేజ్ చూసి వాయిదా వేయకండి.

ఇక దాచడం. కండ, కొవ్వు, చర్మం, ఎముక, అన్నిటి పర్మిటివిటీ లెక్కలూ 10 హెర్ట్జ్ నుంచి 20 గిగాహెర్ట్జ్ దాకా గాబ్రియెల్ పరిశోధక బృందం 1996లోనే అచ్చు వేసింది. నెట్‌లో వెతికితే ఉచితంగానే దొరుకుతాయి.