వడియాల పక్కన నేను

మా ఇంట్లో చలికాలం వచ్చిందని ముందుగా చెప్పేవి నా మోచేతులు. గోరుతో గీస్తే పలక మీద బలపంతో గీసినట్టు తెల్లటి గీత పడుతుంది. పాలవాడి పద్దు రాసుకోవచ్చు.

సంక్రాంతికి పది రోజుల ముందు మా ఆవిడ క్రీము డబ్బా తెచ్చింది. దాని వెనకాల చీమ తలకాయంత అక్షరాల్ని కళ్ళజోడు పెట్టుకుని చదివాను. చదవడమే తప్పయింది. ఏది ఎక్కువుంటే దాని పేరు ముందు రాస్తారు. ఆ వరసలో మొదటి పేరు ఆక్వా. అంటే నీళ్ళు! అకౌంట్స్ సెక్షన్లో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్నవాణ్ణి, నీళ్ళకి 210 రూపాయలు పోశామని తెలిశాక ఊరుకుంటానా?

"నీళ్ళు, నూనె, ఇంత మైనం. దీనికింత హంగామానా? నేను చేస్తా చూడు" అన్నాను.

"పోయినేడు సబ్బు కూడా చేస్తానన్నారు" అంది.

ఆ సంగతి ఇక్కడ అప్రస్తుతం.

శనివారం సాయంత్రం బేగంబజార్ వెళ్ళి తేనెమైనం, బాదం నూనె, మంజిష్ఠ పొడి కొన్నాను. కస్తూరి పసుపు ధర చెప్పగానే "ఇంట్లో ఉందిలే" అనేశాను. ఇంట్లో ఉన్నది పప్పులో వేసే పసుపు. మొత్తం ఖర్చు 640 రూపాయలు. ఈ అంకె ఇంట్లో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఆదివారం వంటగది స్వాధీనం చేసుకున్నాను. మరిగే నీళ్ళ గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కొబ్బరి నూనె, బాదం నూనె, మైనం వేశాను. కొబ్బరి నూనె చెయ్యి తగిలితే కరుగుతుంది గానీ మైనం అరవై డిగ్రీలు దాటితే తప్ప లొంగదు. అది లొంగాక మంజిష్ఠ, రెండు చెంచాల పసుపు, రెండు చెంచాల తేనె వేశాను. తేనె ఎందుకంటే ఏమో, పక్కనే కనిపించింది.

పెరట్లో కలబంద మట్ట కోసి, గుజ్జు తీసి, చల్లటి నీళ్ళలో కడిగాను. కోసిన మట్టని కాసేపు నిలబెట్టి ఆ పచ్చటి జిగురు కారిపోనివ్వాలట, లేకపోతే దురద పెడుతుందట. నాకిది సాయంత్రం గోక్కుంటూ ఉండగా తెలిసింది. ఆ చల్లటి గుజ్జుని వేడి నూనెలో వేయగానే మైనం ఎక్కడికక్కడ గడ్డకట్టి పునుగుల్లా తేలింది. కంగారుపడకుండా అంతా చట్నీ జారులో పోసి మిక్సీ తిప్పేశాను.

మా అమ్మాయి బీఫార్మసీ చదువుతోంది. వచ్చి జారులోకి తొంగిచూసి, "నాన్నా, ఎమల్సిఫయర్ ఏదీ?" అంది.

"అదేంటి?"

"నూనే నీళ్ళూ వాటంతటవి కలవవు. రెండింటినీ పట్టి ఉంచేది ఒకటుండాలి."

అంటే పెళ్ళిళ్ళ పేరయ్య లాంటిదన్నమాట. మా క్రీముకి పేరయ్యతో పనిలేదని చెప్పి సీసాలో పోశాను. రాత్రి చలికి ముద్దగా, నున్నగా, వెన్నలా గడ్డకట్టింది. ముగ్గురినీ లేపి మరీ చూపించాను. ఇరవై నాలుగు డిగ్రీల కిందకి వెళ్తే కొబ్బరి నూనె దానంతటదే పేరుకుంటుందని, ఇందులో నా ప్రజ్ఞేమీ లేదని అమ్మాయి నిద్రకళ్ళతోనే చెప్పింది. చదువుకున్న పిల్లలతో ఇదే ఇబ్బంది. ముఖానికీ మెడకీ మోచేతులకీ దట్టంగా పట్టించి పడుకున్నాను. కాస్త అల్లం చట్నీ వాసన వేసింది గానీ నిద్ర బాగానే పట్టింది.

తెల్లారి అద్దంలో పసుపు ముద్దని చూసి కెవ్వుమన్నాను. పసుపు నీళ్ళలో కరగదు, నూనెలో మాత్రం హాయిగా కరుగుతుంది. నేను రాత్రంతా చర్మానికి రంగద్దకం వేసుకున్నానన్నమాట. గబగబా సబ్బుతో రుద్దాను. ముఖం ఎర్రబడింది. ఇంకా రుద్దాను. ఇంకా ఎర్రబడింది. తువ్వాలు చూస్తే హత్య జరిగినట్టుంది.

మా అమ్మ వచ్చి చూసి అరగంట నవ్వింది. "ఒరేయ్, పసుపులో సున్నం కలిపితే ఎర్రనీళ్ళవుతాయి. సబ్బుకీ ఆ సున్నం గుణమే ఉంటుందిరా. పుట్టినప్పట్నుంచీ వాటితోనే గదరా నీకు దిష్టి తీస్తున్నాను, ఆమాత్రం తెలీదూ?" అంటూ నిమ్మచెక్క తెచ్చి రుద్దింది. ఎరుపు పోయింది. పసుపు అలాగే ఉంది.

సరే, ఆఫీసు తప్పదు కదా అని బయల్దేరాను. గేటు దగ్గర వాచ్‌మన్ లేచి నిలబడి, "సార్, ఇంట్ల పెండ్లా? చెప్పనే లేదు" అన్నాడు. ఎవరిదని అడగకపోవడం అతని మర్యాద. వెనక్కి తిరిగి వచ్చి సెలవు పెట్టాను.

పసుపు మరక ఎండకి విరిగిపోతుంది, బట్టలకైనా అంతే అని అమ్మ డాబా మీదకి పంపింది. అక్కడ మా ఆవిడ పాత చీర మీద బూడిద గుమ్మడి వడియాలు పెట్టి ఉంది. వాటి పక్కన చాప పరిచింది. "ఎలాగూ కూర్చుంటారు, కాకులు రాకుండా చూడండి" అని ఒక కర్ర చేతికిచ్చింది. గంటకోసారి నేను ముఖం అటూ ఇటూ తిప్పుకున్నాను. పక్కింటి పిన్నిగారు బట్టలారేయడానికి వచ్చి, వడియాలనీ నన్నూ మార్చి మార్చి చూసి, "ఈసారి బాగా ఎండాయమ్మా" అని మా ఆవిడతో అన్నారు. దేని గురించన్నారో నేటికీ తెలీదు.

మధ్యాహ్నం కిందకి దిగేసరికి సీసాలో పైన నూనె, కింద కలబంద నీళ్ళు, మధ్యలో మైనం పలుకులు. వంటగదిలో సింకు నిండి ఉంది. జారుకి పట్టిన మైనం వదలడానికి నేనే మరిగే నీళ్ళు పోశాను. అది కరిగి పైపులోకి దిగి, వంపు దగ్గర చల్లారి హాయిగా బిగుసుకుంది. ప్లంబర్ 500 తీసుకున్నాడు. పోతూ పోతూ "ముఖానికేమైంది సార్, కామెర్లా?" అన్నాడు.

మంగళవారానికి మనిషి రంగులోకి వచ్చాను. మోచేతుల మీద మాత్రం మళ్ళీ తెల్లటి గీతలు. మా ఆవిడ మాట్లాడకుండా 210 రూపాయల డబ్బా నా దిండు పక్కన పెట్టింది.

సీసాలో మిగిలినదాన్ని పారేయడానికి మా అమ్మకి మనసొప్పలేదు. శుక్రవారం పొద్దున్నే గడపకి శుభ్రంగా పట్టించేసింది. "ఎప్పుడూ ఇంత నిగనిగలాడలేదురా" అని మెచ్చుకుంది కూడా. నేను చేసినదాన్ని మెచ్చుకున్న ఒకే ఒక్క మనిషి. ఆ సంతోషంలో, అందులో తేనె వేశానన్న మాట చెప్పడం మర్చిపోయాను.

శనివారం తెల్లారేసరికి గడప నల్లగా ఉంది. కదులుతోంది.